జహనుమా బండ మీద కొంగపూలు

"నీ బర్రెను మలుపుతవా, నన్నే మలుపుమంటవా?"

మూసిన గొడుగును బర్రె మూతికి అడ్డం పెట్టి అడిగింది ఆ పిల్ల. జహనుమా అవతలి బండగుట్ట మీద తుంపర పడుతోంది. బాలనర్సింహకు నవ్వొచ్చింది. లాల్‌దర్వాజాలో సగం ఇళ్లకు పాలు పోసే ఇంటి కొడుకు అతను. వాళ్ల బర్రెకు ఇంతవరకు ఎవరూ గొడుగు చూపించలేదు.

"అది గడ్డి మేస్తుంటే నీకేం లొల్లి?"

"గది గడ్డి గాదు. మంచిగ చూడు."

వంగి చూశాడు. బండ పగులులో పిడికెడు మన్ను, అందులో సన్నటి కాడ, దాని చివర రెక్కలు చాపిన కొంగల్లాంటి చిన్న తెల్లపూలు.

"మా అమ్మ కొంగపూలు అనేది. ఎనకట గుట్టంత ఉండేటియట. ఇండ్లు కట్టెటందుకని బండలు కొట్టుకపోయిన్రు. మిగిలినయి మీ బర్రెలు తింటున్నయి. గీ బండ మీద తప్ప నాకింకెక్కడ కనబడలే."

ఆమె పేరు ఆండాలు. తల్లి పోయాక కూడా ప్రతి వానాకాలం లాల్‌దర్వాజా నుంచి టాంగాలో వచ్చి వీటిని చూసిపోతుంది. తోడు వచ్చిన మేనత్త సక్కుబాయి పాన్ నములుతూ, "పూలను చూసుడు అయిందా, పిలగాన్ని చూసుడు గూడ అయిందా?" అంది.

ఆ రోజు నుంచి బాలనర్సింహకు కాలు ఒకచోట నిలవలేదు. పాలు అడిగిన ఇల్లు దాటిపోయి, అడగని ఇంటి తలుపు కొట్టేవాడు. మబ్బు పడితే చాలు, గుట్ట వైపు చూసేవాడు.

ఇంతలో బతుకమ్మ పండుగ వచ్చింది. ఆడవాళ్లు పేర్చే పూలను మగవాళ్లు తెచ్చివ్వడం ఆనవాయితీ. అందరూ గునుగు, తంగేడు కోసం పరుగెత్తితే బాలనర్సింహ గుట్టకు పరుగెత్తాడు. ప్రేమ తలకెక్కినవాడికి పూలు కనబడతాయి కానీ, పిల్ల చెప్పిన మాట గుర్తుండదు.

గంపతో ఆండాలు ఇంటి ముందు నిలబడ్డాడు.

"ఒక్కటి గూడ ఇడవలే. అన్ని నీకే."

ఆమె ముఖం పాలిపోయింది. "బర్రెనే నయం. అదన్న కొన్ని ఇడిచిపెట్టింది. ఇత్తు గట్టకముందే తెంపితే వచ్చే ఏడు ఏం మొలుస్తది?"

"తెంపలే," అన్నాడు బిక్కచచ్చిపోయి. "దారిల వాడుతయని దుంపలతోని తవ్విన."

ఆండాలు గంపలో చెయ్యి పెట్టి చూసింది. దుంపలకు అంటిన మన్ను ఇంకా తడిగానే ఉంది.

"అత్తా, టాంగా పిలువు."

"పండుగ పూట ఏడికే?"

"గివి ఎండకముందే గుట్టకు పోవాలె."

ముగ్గురూ కలిసి ఆ పగుళ్లలోనే మళ్లీ నాటారు.  తిరిగి వచ్చి టాంగా దిగేటప్పుడు ఆండాలు, "మొలిస్తే మాట్లాడుత," అంది.

ఎండాకాలమంతా అతనికి నిద్ర సరిగ్గా లేదు. బర్రెలను సైదాబాద్ వైపు మళ్లించాడు. బండ చుట్టూ ముళ్లకంప వేశాడు. రాళ్లు కొట్టే మేస్త్రీ బుచ్చయ్యకు రోజూ చల్ల పోసి, ఆ ఒక్క బండను వదిలేయమని బతిమాలాడు.

"రాళ్లల్ల ఏం దాచినవ్ రా?" అన్నాడు తండ్రి రామ్‌చందర్.

"నా నసీబు, బాపు."

మొదటి వానకు ఏమీ రాలేదు.  ముసురు పట్టాక మొలకలు కనిపించాయి. అవి పూసేదాకా ఆగి, అప్పుడు సక్కుబాయికి చెప్పాడు. మర్నాడే ఆండాలు వచ్చింది. వానలో తడుస్తూ ఒక్కొక్క పగులూ చూసింది.

"సగం సచ్చిపోయినయి," అన్నాడు బాలనర్సింహ తల దించుకుని.

"సగం బతికినయి గద," అంది. గొడుగు అతని తల మీదికి జరిపింది. "మీ అమ్మను, బాపును మా ఇంటికి తోలు. పిల్లను అడగనీకి ఉత్తచేతులతోని రావద్దంటరు గద, పండ్లు తెమ్మను."

"మరి పూలు?"

"పూలు మాత్రం తేవద్దను."