పొద్దుకు అడ్డం నిలబడ్డవాడు

నంద్యాలలో ఏ వీధిలో ఫ్లెక్సీ కట్టినా, అందులో మనుషులు ఎవరైనా సరే, వాళ్ల వెనకున్న ఆకాశం మాత్రం నాది. పుట్టినరోజు పిల్లల వెనక, చేతులు జోడించిన చిన్న నాయకుల వెనక మండిపోతున్న నారింజ మబ్బులు కనిపిస్తే అది షఫీ స్టూడియో సరుకని గుర్తు. మిగతా స్టూడియోల వాళ్లు ఇంటర్నెట్టులో ఏ దేశపు ఆకాశాన్నో దింపుకుని అతికిస్తారు. నేనలా కాదు. పెళ్లిళ్లు లేని రోజుల్లో బండేసుకుని యాగంటి కొండల్లోకో, వెలుగోడు రిజర్వాయరు కట్ట మీదికో పోయి, పొద్దు గుంకేదాకా కాచుకుని, నా ఆకాశం నేనే తెచ్చుకునేవాణ్ణి. దాని మీద నాకు బోలెడంత పొగరు. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది.

ఆ రోజు వాన వెలిసిన మరుసటి సాయంత్రం. అలాంటప్పుడే ఆకాశం ముస్తాబవుతుంది. వెలుగోడు కట్ట వంపు తిరిగేచోట కెమెరా స్టాండు వేసేసరికి పడమర మొత్తం అంటుకున్నట్టుంది. పైన కుంకుమ రంగు, కింద ఇటుక ఎరుపు, ఆ రంగులన్నీ నీళ్లలో కలిసిపోయి కదులుతున్నాయి. నీళ్ల మధ్య ఎండిపోయిన రెండు చెట్ల మోళ్లు. సరిగ్గా వాటి మధ్యకే పొద్దు దిగుతోంది. ఇన్నేళ్లలో నాకు అలాంటిది దొరకలేదు.

ఆ మోళ్ల మధ్యకు ఒక పుట్టి వచ్చింది. చేపలు పట్టేవాళ్ల గుండ్రటి పుట్టి. అందులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

సూర్యుడి వెలుగుకు తగ్గట్టు కెమెరా సరిచేసుకుంటే ముందున్న మనుషులు ఎవరైనా నల్లటి బొమ్మలైపోతారు. ముఖాలు ఉండవు. అందుకే అతనెవరో, ఏ వయసువాడో నాకు తెలియలేదు. తెలిసిందల్లా నా పొద్దుకు అడ్డం ఉన్నాడని. అతను చెయ్యెత్తాడు. కెమెరా కనిపిస్తే చాలు మన జనం ఫోజు పెడతారు కదా, అదే అనుకున్నాను. ఒళ్లు మండింది.

"అడ్డమొస్తాండావప్పా... పక్కకు జరుగు" అని గొంతు చించుకుని, పక్కకు పొమ్మని చెయ్యి ఊపాను. అతను రెండో చెయ్యి కూడా ఎత్తాడు. నేను మళ్లీ ఊపాను, ఈసారి విసురుగా.

తర్వాత అతను వంగాడు. కూర్చున్నాడనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. పుట్టి ఒకపక్కకు ఒరిగి, మళ్లీ సర్దుకుని, గాలికి మెల్లగా తూము వైపు కదిలింది. అందులో ఎవరూ కనిపించలేదు. పొద్దు ఇంకా కొంచెం మిగిలే ఉంది. నేను కెమెరా మీది నుంచి కన్ను తీయలేదు.

వచ్చినవాటిలో గొప్ప ఫోటోలోనే ఆ మనిషి చెయ్యెత్తి ఉన్నాడు. కంప్యూటర్లో పెట్టి, ముఖం మీది మచ్చ తీసినట్టు అతన్ని చెరిపేశాను. చుట్టూ ఉన్న ఎర్రటి నీళ్లు తెచ్చి ఆ చోట పూడ్చాను. పెద్దది చేసి కొట్టు గోడకు తగిలించాను. వచ్చినవాళ్లందరూ నోరు తెరుచుకుని చూశారు. నేను మీసం తిప్పుకున్నాను.

కొన్నాళ్లకు ఇద్దరు ఆడవాళ్లు కొట్టుకొచ్చారు. చిన్నామె లూదియా, పెద్దామె ఆమె అత్త కృపావతమ్మ. లూదియా భర్త ఆనందరావు వెలుగోడు నీళ్లలో చేపలు పట్టేవాడట. ఒక సాయంత్రం పోయినవాడు తిరిగి రాలేదట. పుట్టి తూము దగ్గర దొరికితే గజ ఈతగాళ్లు ఆ చుట్టుపక్కలే వెతికి వెతికి మానుకున్నారట. మనిషి దొరకలేదు, సమాధి లేదు. కనీసం చర్చివాళ్లు ప్రార్థన చేసే ఆదరణ కూడికకైనా ఫోటో కట్టిద్దామని ఆధార్ కోసం దిగిన చిన్న ఫోటో పట్టుకొచ్చారు.

ఏ రోజని అడగలేదు. అడగాల్సిన పని లేదు.

తూము దగ్గర కాదమ్మా, మోళ్ల మధ్య వెతకండి... ఆ ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాట అంటే, నువ్వెట్లా చూశావని అడుగుతారు. చూసి ఏం చేశావని అడుగుతారు. మింగేశాను. ఆ రాత్రే అసలు ఫోటోలన్నీ కంప్యూటర్లో నుంచి తీసేశాను.

వెనకాల ఏం పెట్టమంటారని అడిగితే లూదియా నా గోడ వైపు చూపించింది. "ఆ ఆకాశం పెట్టన్నా. మా నీళ్ల మాదిరే ఉండాది. ఆయప్ప ఏ చీకట్లో ఉండాడో... వెనకాలైనా వెలుతురుండనీ."

ఆ ఆకాశమే పెట్టి ఫ్రేము కట్టించి ఇచ్చాను.

కూడిక అయిన రెండో రోజు పొద్దున కృపావతమ్మ ఒక్కతే ఫ్రేము పట్టుకుని వచ్చింది. సాయంత్రమయ్యేసరికి కొడుకు ముఖం నల్లబడుతోందట. నేను చూశాను. ముఖం తేటగా, తెల్లవారి వెలుతురులో ఉన్నట్టే ఉంది. రంగు తేడా ఏమీ లేదమ్మా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఫ్రేమును బల్ల మీద గోడకు ఆనించి, ఎదురుగా కుర్చీ వేసుకుంది.

"పొద్దు గుంకనీ నాయనా. నువ్వే చూద్దువు" అంది.

పంపేయాలని చూశాను. కదల్లేదు. మధ్యాహ్నం అన్నం తినమంటే నీళ్లు తాగింది. పాస్‌పోర్టు ఫోటోల కోసం పిల్లలొచ్చి పోయారు. వీధిలో ఎండ పసుపు రంగుకు తిరిగింది, తర్వాత నారింజకు. ఎదురుగా మేడ అద్దాల మీద పడి ఆ రంగు నా కొట్టులోకి వచ్చింది. గోడలు ఎర్రబడ్డాయి. ఎక్కడి నుంచో పాచి వాసన... తడి వల ఎండేసినప్పుడు వచ్చే నీచు వాసన.

ఆనందరావు నుదురు మొదట మసకబారింది. దుమ్మేమోనని తుడిచాను. పోలేదు. కళ్లు పోయాయి. ముక్కు పోయింది. నోరు పోయింది. వెనక ఆకాశం మాత్రం భగభగా మండుతోంది. పొద్దుకు అడ్డం నిలబడ్డ మనిషి ఎలా ఉంటాడో, అలా అయిపోయాడు. నల్లటి తల. నల్లటి భుజాలు. అంతే.

అక్కడితో ఆగితే బాగుండేది.

ఆధార్ ఫోటోలో చేతులుండవు. భుజాల దగ్గర తెగిపోతుంది. ఆ తెగిన అంచు నుంచి, చెవి పక్కగా, నల్లగా, సన్నగా... ఏదో పైకి లేచింది. వేళ్లు. మణికట్టు. మోచెయ్యి. తర్వాత రెండో చెయ్యి...

కృపావతమ్మ ఫోటో వైపే చూస్తూ గుసగుసగా అడిగింది.

"చెయ్యి ఎందుకెత్తినాడు నాయనా? ఎవురిని పిలుస్తాండాడు?"

"నాకేం తెలుసమ్మా" అన్నాను. ఆ అమ్మ ముఖంలోకి చూసి అన్నాను. అంతకన్నా నీచమైన మాట నా జన్మలో అనలేదు.

తెల్లారగానే వెలుగోడు పోయాను. భయంతో పోయానో పాపభీతితో పోయానో అల్లాకే తెలియాలి. పోలీసులకు, అక్కడి చేపలవాళ్లకు సగం నిజం చెప్పాను. ఆ సాయంత్రం కట్ట మీద ఉన్నానని, మోళ్ల మధ్య ఖాళీ పుట్టి చూశానని, దాని సంగతి ఇప్పుడే గుర్తొచ్చిందని. వాళ్లు అక్కడ దిగారు. ఆనందరావు అడుగున ఉన్నాడు. కాలికి వల చుట్టుకుని, మోడు వేళ్లకు చిక్కుకుని.

సమాధి కార్యక్రమానికి నేనూ పోయాను. అందరూ నన్ను దేవుడు పంపినవాడిలా చూశారు. మట్టి వేసి వస్తుంటే లూదియా నన్ను పక్కకు పిలిచింది. కొంగు నలుపుకుంటూ అడిగింది.

"నువ్వు చూసినప్పుడు... పుట్టిలో ఆయప్ప లేడు కదన్నా?"

"లేడమ్మా. ఖాళీ పుట్టి" అన్నాను.

ఆమె ఊపిరి వదిలింది. ఎవరూ చూస్తుండగా పోలేదని, ఎవరో ఆదుకోగలిగి కూడా ఊరుకోలేదని ఆమెకు కొంచెం ఊరట. ఆ ఊరట నేనిచ్చానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

ఆ తర్వాత ఫోటో నల్లబడటం ఆగిపోయింది. సాయంత్రాలు కూడా ముఖం చక్కగా ఉందని కృపావతమ్మ కబురు చేసింది. అంతా తీరిపోయిందనుకున్నాను. లూదియా పుట్టిల్లు ఆళ్లగడ్డ. అక్కడి రాతి పనివాళ్ల దగ్గర సమాధి రాయి చేయించుకుంటామని, నల్లరాయి మీద ఆ ఫోటోనే, వెనక పొద్దుతో సహా చెక్కించాలని అడిగితే, నేనే పోయి శిల్పి శేషయ్యకు ఫోటో ఇచ్చి వచ్చాను. ఆయన చెయ్యి మంచిదని పేరు.

పని అయిపోయిందని మొన్న శేషయ్య ఫోన్ చేశాడు. మధ్యాహ్నం దాటాక బయల్దేరి ఆళ్లగడ్డ చేరాను. రోడ్డు పక్కన సగం చెక్కిన దేవుళ్ల మధ్య, రాతి దుమ్ములో, ఆ రాయి నిలబెట్టి ఉంది. లూదియా నాకంటే ముందే వచ్చి దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది.

ఆనందరావు ముఖం బ్రహ్మాండంగా వచ్చింది. కళ్లలో తడి కూడా ఉన్నట్టుంది. నేను మెచ్చుకోబోయి ఆగాను.

అతని భుజం వెనక పొద్దు లేదు. మోళ్లు లేవు. అక్కడ ఒక కట్ట ఉంది. నీళ్లలో నుంచి చూస్తే ఎలా కనిపిస్తుందో, అలా. కట్ట మీద మూడు కాళ్ల స్టాండు. దాని పక్కన బొటనవేలంత మనిషి. చెయ్యి విసురుగా పక్కకు చాచి ఉన్నాడు.

"ఇదేంది శేషయ్యా... ఎవరు చెక్కమన్నారు?" అన్నాను.

"ఫోటోలో ఉండేదే చెక్కినా భాయ్. నా సొంతంగా ఒక్క గీత గీయలే" అని ఆయన పక్కన అతికించి పెట్టుకున్న ఫోటో చూపించాడు.

చూశాను. ఉంది.

అప్పుడు తెలిసింది నాకు. ఆ సాయంత్రం పొద్దు అతని వెనక ఉంది. నాకు ఎదురుగా ఉంది. అతని ముఖం నాకు కనిపించలేదు. కానీ ఆ వెలుతురంతా వచ్చి నా మీదే పడింది. అతను నన్ను బాగా చూశాడు.

లూదియా తల ఎత్తలేదు. ఆ చిన్న బొమ్మ మీద దుమ్ము పేరుకుని ఉంది.

"ఈడ చెయ్యి ఊపుతాండేది ఎవురన్నా?" అంది.

ఆమె సీసాలో నీళ్లతో కొంగు తడుపుకుని ఆ బొమ్మను తుడవసాగింది. మెల్లగా, జాగ్రత్తగా, బిడ్డ ముఖం తుడిచినట్టు. తుడిచేకొద్దీ మీసం కనిపించింది. తర్వాత తెరిచి ఉన్న నోరు. ఆమె ఇంకా తుడుస్తూనే ఉంది.