పంతొమ్మిదో నంబరు తల

ఆ గదికి కిటికీ లేదు. పట్టపగలైనా నల్ల తెర, ఒక దీపం, ఒక కుర్చీ, కెమెరా, స్పిరిట్ వాసన. వచ్చిన పేషెంటు వీపు తిప్పి కూర్చోవాలి. పేనుకొరుకుడుతో జుట్టు ఊడిన చోట బొటనవేలంత గుండ్రం గీసి, ఫొటో తీసి, అందులో ఎన్ని వెంట్రుకలు మొలిచాయో లెక్కపెట్టడం పరిశోధకురాలిగా ఆమె పని. కొత్త మందు మీద ఆరు నెలల పరిశోధన. "ఇంత చదువూ చదివింది వెంట్రుకలు లెక్కపెట్టడానికా?" అని తల్లి ఆటపట్టిస్తే నవ్వేసేది. నవ్వకేం చేస్తుంది? చెల్లెలికీ అదే జబ్బు. మచ్చలు మచ్చలుగా జుట్టు ఊడిపోయి, ఏడాదిగా గడప దాటని పిల్ల. ఆ ఒక్క తల తప్ప ఇంకెవరి తలా అక్కగారి కంటికి ఆనలేదు.

పరిశోధన మందు బయటివాళ్ళకి ఇవ్వకూడదు. ఇచ్చింది. ఎలాగంటే, పంతొమ్మిదో నంబరు పేషెంటు బట్టలు కుట్టుకు బతికే మనిషి. మూడో నెలలో వచ్చి "తలంతా మంటగా ఉంది మేడమ్" అంది. "కొన్నాళ్ళు అలాగే ఉంటుంది, ఓపిక పట్టండి" అని పంపేసింది. నాలుగో నెలలో ఆ మనిషి రాలేదు. ఫోన్ చేస్తే భర్త ఎత్తి, పోయి పది రోజులైందన్నాడు. ఎలా పోయిందని కూడా ఈ మహాతల్లి అడగలేదు. మిగతావాళ్ళకి మొలుస్తోంది కదా అని, చచ్చినావిడ వంతు మందు ట్యూబులు ఇంటికి పట్టుకెళ్ళి చెల్లెలి తలకి రాసింది. మొలిచినవి లెక్కపెట్టి పంతొమ్మిదో ఫారంలో ఎక్కించింది. పక్కన, "వచ్చారు. ఇబ్బందేమీ లేదు." మూడు నెలలు అదే మాట.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఫారాలు సర్దుతుంటే తెర కదిలింది. ఎవరో వచ్చి వీపు తిప్పి కూర్చున్నారు. తలకి గుడ్డ కట్టి ఉంది. స్పిరిట్ వాసన పోయి గదంతా తడిమట్టి వాసన.

"ఇవాళ ఎవరూ రావక్కర్లేదే. మీ నంబరెంత?"

"పంతొమ్మిది."

పారిపోదామంటే తలుపు ఆ కుర్చీకి అవతల ఉంది.

గుడ్డ జారింది. బోడి తల. పాలిపోయి, నున్నగా...

"లెక్కపెట్టండి మేడమ్."

"ఏమీ... లేవు."

"ఎన్ని రాశారు?"

"నూట నలభై ఎనిమిది."

"నా నంబరు మీద మొలిచాయిగా. అయితే నావే."

ఒక వెంట్రుక లేచింది. పక్కనే ఇంకొకటి. లోపలి నుంచి సూది గుచ్చి దారం పైకి తోస్తున్నట్టు... కాస్త ఎర్రగా, మెత్తగా. ఆ రంగు ఆమెకి తెలుసు. నిన్న సాయంత్రం చెల్లెలి తల మీద లెక్కపెట్టినవి అవే.

"తీసేసుకో... జుట్టంతా తీసేసుకో. మా చెల్లి జోలికి మాత్రం పోకు."

"జుట్టొక్కటే రాశారా? వచ్చారని రాశారు. చచ్చినదాన్ని మూడు నెలలు బతికించారు. ఆ బతుకు ఎవరిది మేడమ్?"

దీపం ఆరింది. మళ్ళీ వెలిగింది. కుర్చీ ఖాళీ.

ఆమె ఇంటికి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక చెల్లెలు ఎత్తింది.

"అమ్మలూ... ఎలా ఉన్నావే?"

అవతల ఊపిరి తీసిన చప్పుడు. తర్వాత గొంతు. చెల్లెలి గొంతే. నెమ్మదిగా, మర్యాదగా.

"చాలా బాగుంది మేడమ్. ఇక నేను మా ఇంటికి వెళ్ళొస్తాను."

తలుపు గడియ తీసిన చప్పుడు. మెట్లు దిగుతున్న అడుగులు. ఆమె ఫోన్ చెవికి అదుముకుని విన్నది. దిగుతున్నది ఒక్కరు కాదు... ఇద్దరు.