గోటీ డబ్బల అవ్వ గొంతు

కామారెడ్డిల మా ఇల్లు రైలు పట్టాల పక్కనే. రైలు పోతే వంటింట్ల గిన్నెలు కదులుతయి. అసొంటి ఇంట్ల ఉండేదాన్ని, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడే రకం కాదు ఈ త్రివేణి.

హైదరాబాద్‌ల ఒక వీడియో ఆటల కంపెనీల ఆరేండ్లు సౌండు పని చేసిన. టీవీకి తగిలిచ్చి ఆడుకునే డబ్బ, పేరు గోటీ. దసరాకు బజార్ల ఉంటదన్నరు. దసరా పాయె, ఉగాదన్నరు. ఉగాది పాయె, మల్ల దసరా. ఇయ్యాల రేపు అనుకుంటనే కంపెనీకి తాళం పడ్డది. ఒక్క డబ్బ గూడ దుకాణం మొఖం చూడలే. పరీక్షకు చేసిన డబ్బ ఒక్కటి నా దగ్గర మిగిలింది.

అండ్ల మాట్లాడేది మా అవ్వ, నన్ను కన్నతల్లి సుగుణమ్మ. పల్లె గొంతు కావాల్నని మేనేజర్ అంటే, ఎల్లారెడ్డికి మైకు పట్టుకపోయి అవ్వతోటి నలభై మాటలు చెప్పిచ్చిన. డబ్బ బందు చేసేటప్పుడు అనే మాట కాయితం మీద "ఇగ పోతున్న" అని ఉండె. అవ్వ నా మీదికి లేసింది.

"థూ! ఏం మాటనే అది? ఇంట్లకెళ్ళి పోయేటోళ్ళు పోతున్న అంటరా? పోయొస్త అనాలె."

అట్లనే రికార్డు చేసిన.

అవ్వకు పానం బాగలేనప్పుడు గూడ కంపెనీ నన్ను ఇడువలే. ఈసారి పక్కా అన్నరు, నమ్మిన. నేను ఎల్లారెడ్డి చేరేసరికి అంతా అయిపోయింది. ఆఖరి మాట వినలే. ఫోటోలున్నయి గని గొంతు ఆ డబ్బల తప్ప ఎక్కడ లేదు. అది ఖరాబైతే అవ్వ నాకు రెండోసారి పోయినట్టే.

మొన్న శనివారం, దీపం పెట్టే యాళ. బయట ముసురు. ఇంట్ల నేనొక్కదాన్నే. దుఃఖం ఆగక డబ్బ ఆన్ చేసిన. "ఆడుదాం పా బిడ్డా" అన్నది అవ్వ. జరసేపు ఆడి, ఏడ్చి, బందు చేసిన.

"పోయొస్త బిడ్డా."

ఎవలన్న పోయొస్త అంటే నోరు ఊకుంటదా? చిన్నప్పటి అలవాటు.

"పోయిరా అవ్వా" అన్న.

అనంగనే నాలిక కర్సుకున్న. చావింటికెళ్ళి లేసొచ్చేటప్పుడు పోయొస్త అని చెప్పరు మనోళ్ళు. సచ్చినోళ్ళకు పోయిరా అని ఎవలన్న అంటరా? నా నోట్ల మన్ను వడ.

భయమైంది. డబ్బ వైరు పీకేసిన. గంతల్నే కరెంటు పోయింది. చీకట్ల ఏదో వాసన... తడిసిన బూడిద వాసన. వాన సప్పుడు గూడ ఆగింది. కప్పలు ఆగినయి. చేతుల పీకిన వైరు అట్లనే ఉంది.

"త్రివేణీ..."

డబ్బలకెళ్ళే వచ్చింది.

ఆ నలభై మాటలు నాకు కంఠతా వచ్చు. నా పేరు అండ్ల లేదు.

అబద్ధమెందుకు, భయం కన్న సంబురం ఎక్కువైంది.

"అవ్వా... నువ్వేనా?"

"నేనే బిడ్డా. తలుపు తియ్యి... వచ్చినం."

ఉరికిన. గొళ్ళెం మీద చెయ్యేసిన. అప్పుడు ఎక్కింది ఆ మాట నా బుర్రకు.

వచ్చిన అనలే. వచ్చినం అన్నది.

"అవ్వా... నీ ఎంబడి ఎవలు?"

తలుపవతల కాలు ఈడ్చిన సప్పుడు, ఎంటనే చెప్పులు ఇడిసిన సప్పుడైంది. అవ్వయే... ఆమె కాలు ఈడుస్కుంట నడుస్తది. ఎనుక ఇంకో జత. ఇంకోటి... ఇంకోటి... వాకిలి నిండేదాక ఇడుస్తనే ఉన్నరు.

తియ్యకుంటే ఆ గొంతు మల్ల వినను. తీస్తే...

చెయ్యి గొళ్ళెం మీదనే ఉంది. తలుపు సందులకెళ్ళి అవ్వ గుసగుస వినొచ్చింది. నాతోటి కాదు, వాళ్ళతోటి.

"జర ఆగుండ్రి. తీస్తది... నా బిడ్డనే."