ఒకే జట్టులో రెండు ఆరులు

“మూడు ఆదివారాలుగా నన్నే చూస్తున్నారు. నచ్చానా, లేక నేరమేమైనా చేశానా?”

కర్రకు సుద్ద రాస్తూ అడిగాడు గారెట్ సాల్మెలా. కొరిన్ పెల్కీ ఒళ్లో ఉన్న కాగితం మీద నుంచి తల ఎత్తలేదు.

“చూడటం నా పని. ఇప్పుడు పోయిన బంతి చెయ్యి జారి పోయిందా, కావాలనే పోగొట్టారా అని రాసుకుంటున్నాను.”

“ఏమని రాశారు?”

“కావాలనే అని.”

అతని ముఖంలో నవ్వు ఆగిపోయింది.

అమెరికాలోని రేవు పట్టణం డులూత్‌లో ఆదివారం మధ్యాహ్నాలు జరిగే, బల్ల మీది బంతుల్ని కర్రతో గుంటల్లో వేసే పూల్ లీగ్‌లో ప్రతి ఆటగాడికీ ఒక నంబరుంటుంది. కొత్తగా కర్ర పట్టినవాళ్లకు రెండు, ఆరితేరినవాళ్లకు ఏడు. జట్టులో ఐదుగురి నంబర్లూ కలిపి ఇరవై మూడు దాటకూడదు. ఎవరి నంబరు ఎంతో తేల్చే ముగ్గురిలో కొరిన్ ఒకతె. వారమంతా రేవులో ధాన్యం నాణ్యత చూసే ఆఫీసులో ఉద్యోగం. ఆదివారం ఈ పని. దీనికి దక్కేవి తిట్లే.

గారెట్ నంబరు నాలుగు. కానీ అతని మోచెయ్యి కదిలే తీరు నాలుగుది కాదు. కష్టమైన బంతుల్ని అలవోకగా గుంటలో వేస్తాడు. తీరా గెలుపు చేతికొచ్చేసరికి ఎవరైనా వేయగల బంతిని వెంట్రుకవాసిలో తప్పిస్తాడు. అలా తప్పించడానికి ఎంత పనితనం కావాలో కొరిన్‌కు తెలుసు.

ఆట ముగిశాక అతను రెండు కాఫీలు తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

“ఇది లంచమా?” అందామె.

“చక్కెర వేయలేదు. లంచమైతే వేసేవాణ్ణి.”

ఆమెకు నవ్వొచ్చింది. తరువాతి ఆదివారం కూడా కాఫీలు వచ్చాయి. ఏ స్వెటరు వేసుకోవాలా అని అద్దం ముందు పావుగంట నిలబడ్డ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రోజే అతను అసలు మాట బయటపెట్టాడు.

“మా వెర్నా అత్త ఆరు. నేనూ ఆరైతే మా జట్టు లెక్క ఇరవై ఐదవుతుంది. మా ఇద్దరిలో ఒకరు బయట కూర్చోవాలి.”

వెర్నాకు డెబ్బై మూడేళ్లు. తల్లి పోయిన తొమ్మిదేళ్ల గారెట్‌ను తెచ్చి పెంచింది. బల్ల అందకపోతే చెక్కపెట్టె మీద నిలబెట్టి ఆట నేర్పింది. ముప్పై ఏళ్లు ఆ ఊళ్లో ఆమెను ఓడిస్తే గొప్పగా చెప్పుకునేవాళ్లు.

“అత్తకు వణుకు జబ్బు మొదలైంది. వచ్చే ఏడు ఆడుతుందో లేదో. వసంతంలో పోటీలయ్యేదాకా ఆగండి. ఎనిమిది వారాలే.”

కొరిన్ కాఫీ కప్పును పక్కకు జరిపింది.

“పోయినేడు డ్వైట్ నంబరు పెంచాను. అతని జట్టు చెదిరిపోయింది. ఇప్పటికీ నన్ను పలకరించడు. రేపు అతనికి ఏం చెప్పను?”

“అతను కాఫీ తేలేదని చెప్పండి.”

“అందుకే నాకింకా కష్టంగా ఉంది, గారెట్.”

ఆమె ఆరు అని రాసింది. గారెట్ ఆ కాగితం చూశాడు. “సరే మేడమ్” అని కోటు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ పై ఆదివారం అతను రాలేదు, జట్టు నలుగురితోనే ఆడింది.

మంగళవారం ధాన్యం ఆఫీసుకు వెర్నా వచ్చింది. కోటు గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంది.

“మా మేనల్లుడి నంబరు పెంచింది నువ్వేనా?”

“నేనేనండి.”

“మంచి పని చేశావు. వాడు కావాలని తప్పిస్తుంటే చూడలేకపోయాను. నేర్పినదాన్ని, నాకు తెలియదా?” వెర్నా కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకుంది. “మరి నన్నెందుకు చూడవు?”

నాలుగేళ్లుగా వెర్నా నంబరు జోలికి ఎవరూ పోలేదు. తనూ పోలేదు.

“మొహమాటంతో నాకు ఆరు ఉంచారు. ఈ ఆదివారం వచ్చి చూడు. సరిగ్గా చూడు.”

కొరిన్ మిగతా ఇద్దరినీ పిలిచింది. తన కన్ను ఒక్కదాన్నే నమ్మడం ఆమెకు ఇష్టం లేదు. ఆ మధ్యాహ్నం మంచుతో కలిసిన వాన కిటికీలను కొడుతోంది. వెర్నా మూడు ఆటలు ఆడింది. తెల్లబంతిని కొట్టే చివరి క్షణంలో చెయ్యి వణికేది. బంతి గుంట అంచు తాకి వెనక్కి వచ్చేది. వెర్నా పక్కకు తప్పుకునేది. గోడకు ఆనుకుని గారెట్ నేలకేసి చూస్తున్నాడు. తప్పిన ప్రతి బంతికీ కొరిన్ ఒక గీత గీసింది. అంత బరువైన గీతలు ఆమె ఎప్పుడూ గీయలేదు.

ముగ్గురూ విడివిడిగా రాశారు. మూడు కాగితాల మీదా నాలుగే.

వెర్నా కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివింది. “మూడనుకున్నాను.”

“కాదండి. ఏ బంతి ఎప్పుడు వేయాలో మీకు తెలిసినంత ఈ గదిలో ఎవరికీ తెలియదు. నాలుగే.”

వెర్నా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. “వాడిది ఆరు, నాది నాలుగు. లెక్క మళ్లీ ఇరవై మూడు” అని గారెట్ వైపు తిరిగింది. “ఇక దాక్కోకు. ఆడు.”

కొరిన్ బయటికి వచ్చేసరికి గారెట్ ఆమె కారు అద్దం మీద మంచు గీకుతున్నాడు.

“అత్త జట్టులో ఉండాలనే బంతులు తప్పించానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆమె ఆట పడిపోతున్నట్టు ఎవరూ గమనించకూడదనుకున్నాను. నేను కూడా.”

“కోపం పోయిందా?”

“పూర్తిగా పోలేదు. కానీ ఆ ఒక్క ఆదివారం నిన్ను చూడకుండా ఉండి తెలుసుకున్నాను. నువ్వంటే ఇష్టం, కొరిన్.”

ఆమె తాళాల గుత్తిని అరచేతిలో బిగించి పట్టుకుంది.

“ఆటగాణ్ణి ఇష్టపడితే అతని జట్టును నేను చూడకూడదు. నా బదులు ఇంకెవరినైనా వేయమని లీగ్ కమిటీకి ఉత్తరం రాశాను. ఈ నెలాఖరు దాకా ఉండమన్నారు.”

“ఎప్పుడు రాశావు?”

“నీకు ఆరు వేసిన రోజునే.”

అతను మంచు గీకడం ఆపేశాడు. తలుపు దగ్గర నుంచి వెర్నా గొంతు వినిపించింది.

“గురువారం చేపల పులుసు చేస్తున్నాను. ఆ అమ్మాయిని తీసుకురా. ఇద్దరూ పెందలాడే రండి, నా చేతులతో బంగాళదుంపలు తరగడం కావట్లేదు.”

అత్త సాయం అడగడం గారెట్ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

“వస్తామండి” అంది కొరిన్.