కరగని గూడు

2093 వేసవి నాటికి హిమాలయాలెక్కే వాళ్ళెవరూ వీపున గుడారం మోయడం లేదు. జేబులో గుప్పెడు గూడుగింజలుంటే చాలు. కొండ మీద గుర్తు పెట్టిన చోట గొయ్యి తీసి, గింజలు వేసి, చెంబుడు నీళ్ళు పోస్తే సాయంత్రానికి ఒక కుటుంబం కాళ్ళు చాపుకునేంత గది మొలుస్తుంది. గోడలు పుట్టగొడుగులా మెత్తగా ఉంటాయి, లోపల గోరువెచ్చగా ఉంటుంది. బెజవాడలో ఎండ యాభై రెండు దాటిన రోజుల్లో మనవాళ్ళు కుటుంబాలకు కుటుంబాలు కొండలెక్కడం మొదలుపెట్టింది ఈ గింజల ధైర్యంతోనే.

దీన్ని కనిపెట్టింది డాక్టర్ కొల్లిపర సుభాషిణి. పెట్టిన పేరు కరుగుగూడు. దాని కిటుకంతా మైసీలియంలో, అంటే మట్టిలో అల్లుకునే శిలీంధ్రపు పోగుల్లో ఉంది. ఆ పోగులు చుట్టూ ఉన్న ఎండుటాకులు, కుళ్ళిన కొమ్మలు తిని గోడలుగా పెరుగుతాయి. మనిషి ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను గోడల్లోని సెన్సర్లు పసిగడుతున్నంతసేపూ గూడు నిలబడే ఉంటుంది. ఒక పూట ఖాళీగా ఉంటే కరిగి మట్టిలోకి దిగిపోతుంది. దిగిన పోగులు ఆ మట్టిని వల వేసినట్టు పట్టి ఉంచుతాయి. కొండ మీద సిమెంటు ఉండదు, రేకులుండవు, మనిషి వచ్చి వెళ్ళిన ఆనవాలే ఉండదు.

మొదట్లోనే ఆమె తోటి శాస్త్రవేత్త షరీఫ్ ఒక మాటన్నాడు. "మేడం, రెండు రోజులయ్యాక లోపల మనుషులున్నా సరే కరిగిపోయేలా పెడదామండి. లేకపోతే ఎవరు కదుల్తారు?"

సుభాషిణి ఒప్పుకోలేదు. "మంచు తుఫానులో నెత్తి మీద కప్పు తీసేస్తే అది ఇల్లెలా అవుతుంది షరీఫ్? అయినా వాళ్ళొచ్చేది నడవడానికి. కూర్చోడానికి వస్తారా?" అంది.

పాపం, ఆవిడ మైసీలియాన్ని చదివినంత శ్రద్ధగా మనవాళ్ళని చదవలేదు. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకునే జనం మనం. పెళ్ళి పంక్తిలో పక్క విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "మనిషొస్తున్నారండి" అనే జనం. గూటికి తువ్వాలు చాలదు, ఊపిరి కావాలి. అయితేనేం, మనిషినే వేసి ఆపారు. అందరూ సరస్సు చూడ్డానికి వెళ్తే ఒకరు లోపల కూర్చునేవారు. తమ సెలవులైపోతే, వెనక వస్తున్న పక్క ఊరివాళ్ళు చేరేదాకా ఉండి, గూడు అప్పజెప్పి మరీ దిగేవారు. అందులో దుర్మార్గమేమీ లేదు. అంతా మర్యాద, మొహమాటం, మనవాళ్ళన్న ప్రేమ. అదే కొంప ముంచింది.

అలా తర్ఖోలా కొండ మీది గూడు ఏప్రిల్ నుంచి ఒక్క పూట కూడా ఖాళీ కాలేదు. ఎండుటాకులు అయిపోయాక పోగులు బతికున్న చెట్ల వేళ్ళ మీద పడ్డాయి. గూడున్నది రాతి అంచు మీద కాబట్టి దానికేమీ కాదు. కానీ దాని కింది వాలును పట్టి ఉంచినవి ఆ వేళ్ళే. వాలు అడుగున తర్ఖోలా ఊరుంది, గొర్రెలు కాచుకునే వాళ్ళది. లోయ దాటే వంతెన వరదకి కొట్టుకుపోవడంతో వాళ్ళని తరలించే దారి లేదు. వానలు ముదిరేలోగా గూడు కరిగితే పోగులు మట్టిని పట్టుకుంటాయి, ఊరు బతుకుతుంది. లేకపోతే వాలంతా ఊరి మీద పడుతుంది.

సంగతి తెలిసి సుభాషిణీ షరీఫూ పైకి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. గూటి కింద చెట్లన్నీ ఎండి నిలబడి ఉన్నాయి. నేలలో చెయ్యి పట్టేంత పగులు. లోపల ఒకే ఒక్క మనిషి, మంకీ క్యాప్ పెట్టుకుని జంతికలు తింటున్నాడు. పేరు వీర్రాజు, ఊరు రాజోలు.

"మావోళ్ళు సరస్సు కాడికెళ్ళారండి, రేపొచ్చేత్తారు. మీరూ కూర్చోండి, చోటుంది" అన్నాడు.

సుభాషిణి పగులు చూపించి విషయమంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అయితే నేను లేత్తే ఇది పోద్దంటారు. మా తమ్ముడి పిల్లలొచ్చి, నిన్ను నమ్ముకుని ఎళ్తే గూడొదిలేశావేంటి పెదనాన్నా అంటే ఏం చెప్పనండి?"

"కింద ఊళ్ళోనూ పిల్లలున్నారండి."

"ఉంటారండి. కాకపోతే ఆళ్ళ మొకాలు నేను చూళ్ళేదు. అబద్ధం ఎందుకాడాలి?"

సుభాషిణికి ఒళ్ళు మండిపోయింది. "మీవాళ్ళు ఒక్క రాత్రి ఇబ్బంది పడకూడదని ఒక ఊరిని పూడ్చేస్తారా? మీరసలు మనిషేనా?" అంది. తర్వాత గోడ వైపు తిరిగి, "వేళ్ళు ఇంకెన్నాళ్ళకు సరిపోతాయి?" అని అడిగింది.

"రేపటి దాకా" అంది గూడు, ఆడో మగో తెలియని గొంతుతో. "ఆ తర్వాత వాలు నిలవదు."

వీర్రాజు చేతిలోని జంతికని డబ్బాలో పెట్టేశాడు. గోడని ఒకసారి తడిమి చూశాడు.

"ఇది మాటాడుద్దని నాకెవరూ చెప్పలేదండి" అన్నాడు మెల్లగా. "ఇదే నోరు తెరిచి చెప్పాక ఇంకేం కూర్చుంటానండి? పదండి. పిల్లల చేత తిట్లు నేనే తింటాను."

సరస్సు దగ్గరున్న వాళ్ళకి ఫోన్ చేసి అటునుంచటే దిగిపొమ్మని చెప్పాడు. షరీఫ్ ఆయన్ని తీసుకుని గుట్ట అవతలి గూటికి బయల్దేరాడు. కొత్తగా ఎవరూ లోపలికి దూరకుండా చూడ్డానికి సుభాషిణి ఒక బండ మీద కూర్చుంది. చాలాకాలానికి ఆమె మనసు తేలికపడింది.

మధ్యాహ్నం దాటేసరికి గూడు తడిసిన అప్పడంలా కుంగడం మొదలైంది. ఇంకో గంట ఆగితే పూర్తిగా మట్టిలోకి దిగిపోతుంది. అప్పుడే మబ్బు కమ్మి వడగళ్ళు మొదలయ్యాయి. ఫోన్ మోగింది. షరీఫ్.

"మేడం, మీ అమ్మాయి లాస్య ఇక్కడుందండి, స్నేహితుల్తో. మీకు చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరుద్దామనుకున్నారట. మీ దగ్గరికే వస్తామంటే నేనే ఆపాను."

"అక్కడ చోటుందా?"

"నిండిపోయిందండి. ఈ వడగళ్ళలో కొత్త గూడు మొలవదు. ఒకరి మీద ఒకరు కూర్చోవాలి. ఒక్క రాత్రే కదా, ఏం కాదు."

అంతలో లాస్య ఫోన్ లాక్కుంది. "అమ్మా, తడిసి ముద్దయిపోయాం. కాళ్ళు పీకేస్తున్నాయి. ఇక్కడ నిలబడ్డానికి కూడా లేదే. పైన గూడంతా ఖాళీయేనటగా, వచ్చేయనా?"

వద్దమ్మా, అక్కడే సర్దుకో అనాలి. అనడానికి సుభాషిణి నోరు తెరిచింది కూడా. కానీ ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ జలుబు చేస్తే వారం రోజులు మంచం దిగదు.

"రా. దారి జాగ్రత్త" అంది.

ఫోన్ పెట్టేసి, తల వంచి గూట్లోకి దూరింది. పిల్ల వచ్చేదాకా ఉంటే చాలు, రేపు పొద్దున్నే ఖాళీ చేసేద్దాం అనుకుంది. వేళ్ళు రేపటి దాకా వస్తాయని గూడే చెప్పింది కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. కూతురి గొంతు ఇంకా చెవిలోనే ఉంది. ఊరు మబ్బుల కింద ఎక్కడో ఉంది, కనబడటం లేదు.

"ఊపిరి అందింది, కరగడం ఆపేశాను" అంది గూడు. "కుంగిన గోడలు మళ్ళీ లేవాలంటే ఎక్కువ తిండి కావాలి. ఉన్న వేళ్ళు ఈ రాత్రికే అయిపోతాయి. నిలబడమంటారా?"

దాని అర్థం ఆమె కన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ లోకంలో లేరు. బయట వడగళ్ళు తగ్గి వాన అందుకుంది. సుభాషిణికి ఏడుపొచ్చింది.

"నిలబడు" అంది చివరికి. పిల్లలందరికీ చోటుండేలా ఒక మూలకి జరిగి కూర్చుంది.