పదకొండుకు సరిపోయిన అంకె

తెల్లవారి ఈతకొలను నుంచి వస్తూనే కోచ్ తన ఫోన్ భార్య ముఖం ముందు పెట్టాడు. ఆమె స్టవ్ తుడుస్తోంది. కూతురు లోపలి గదిలో తడి జుట్టు ఆరబెట్టుకుంటోంది.

"చూడు. పిల్లకి ఏ రోగమూ లేదు. నీ ఏడుపొక్కటే మిగిలింది."

ఎదుగుదల హార్మోను ఒంట్లో సరిగా పనిచేస్తోందో లేదో రక్తంలో చూసే పరీక్ష అది. అంకె నూట నలభై. పక్కన 'సాధారణం' అని ఉంది. పైన, వయసు పదకొండు.

"పదకొండేళ్ళ పిల్లకి సాధారణమే," అందామె. "మరి మన పిల్లకి?"

"మెల్లగా! గోడకవతల చెవులున్నాయి."

కూతుర్ని పోటీల్లో చేర్పించేటప్పుడు కోచ్ ఆమె వయసు రెండేళ్ళు తగ్గించి రాయించాడు. ఒక్క ఏడాదికే అన్నాడు. పతకాలు వచ్చాక ఆ మాట గాలికి పోయింది. పిల్ల పొట్టిది కనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఏ పొట్టితనానికి వైద్యం కావాలో, దాని చాటునే అతను అబద్ధాన్ని దాచుకున్నాడు.

"గోడ నిండా పతకాలున్నాయి. ఎవరి చలవ?"

"పదమూడేళ్ళది పదకొండేళ్ళవాళ్ళని ఓడిస్తే చలవంటారా? సిగ్గులేదూ! డాక్టరమ్మ మొన్న ఏం చెప్పింది? ఈ అంకె చిన్నప్పుడు తక్కువట, ఈడొచ్చే వయసులో ఒక్కసారిగా పెరుగుతుందట, ఆ తర్వాత ఏళ్ళు గడిచేకొద్దీ దిగుతుందట. నలభై దాటిన నీకు ఇదే అంకె వస్తే చప్పట్లు కొట్టొచ్చు. దానికి ఇప్పుడు పెరగాల్సిన కాలం."

"వచ్చే వారం పోటీలు కానియ్. తర్వాత చెబుదాం."

"రెండేళ్ళుగా ఇదే పాట. దాని ఎముకలు నీ పోటీలయ్యేదాకా ఆగుతాయా?"

"ఇప్పుడు బయటపడితే నా ఉద్యోగం ఊడుతుంది. నలుగురిలో తలెత్తుకోలేను."

"ఎత్తుకోకు. ఇక్కడ మాట్లాడేది నీ తల గురించి కాదు, దాని ఎత్తు గురించి."

"నువ్వు నోరు విప్పావంటే ఇంట్లో ఉండవు!"

"కాగితాలన్నీ నీ పక్షమే కదా, నేను విప్పినా ఎవరు నమ్ముతారు? నువ్వే విప్పాలి. విప్పకపోతే మాత్రం నేనూ పిల్లా ఇటు తిరిగి రాం."

అతను గ్లాసు విసిరికొట్టాడు. ఆమె వంగి తీయలేదు. ఆ పూటే ముగ్గురూ డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, పిల్లను చూసి, మళ్ళీ రిపోర్టు చూసింది. "వయసుకు తగ్గట్టే ఉంది. ఏడాది తర్వాత కనబడండి," అంటూ కలం అందుకుంది.

భార్య అతని వైపు చూసింది. కోచ్ నేల చూపులు చూశాడు.

"చిట్టితల్లీ, నీకు పదకొండు ఎప్పుడు నిండాయి?" డాక్టరమ్మ ఊరికే అడిగింది.

పిల్ల తడుముకోలేదు. నేర్పినట్టే, వయసు రెండేళ్ళు తగ్గేలా పుట్టినరోజు చెప్పేసింది. చెప్పి, తండ్రి వైపు తిరిగింది. ఆ చూపు అతనికి బాగా తెలుసు. గోడ తాకి నీళ్ళలోంచి తలెత్తి, బాగా చేశానా నాన్నా అని అడిగే చూపు.

కోచ్ కుర్చీలోంచి లేచాడు.

"అబద్ధం," అన్నాడు. "పదమూడు దాటాయండీ. నేనే... నేనే అలా నేర్పాను."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఏం తండ్రివయ్యా! పదమూడుకి ఇది తక్కువే. ఒక్క అంకెతో తేల్చను, ఇంకా పరీక్షలు చెయ్యాలి. కానీ ఇప్పుడు ఏడాది పోగొట్టేవాళ్ళం. ఆ ఏడాది ఎవరిస్తారు, నువ్విస్తావా?"



బయట వరండాలో పిల్ల అడిగింది. "నాన్నా, నేను తప్పు చెప్పానా?"

అతను గోడకు ఆనుకుని భోరుమన్నాడు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూశారు. భార్య ఓదార్చలేదు.

"ఏడు. దాని ముందే ఏడు. తప్పెవరిదో దానికి తెలియాలి."

"అయితే ఇక పెద్దవాళ్ళతో ఈదాలా?" అంది పిల్ల.

"వద్దమ్మా. ఈదక్కర్లేదు," అన్నాడతను.

"ఈదుతా. ఓడిపోతాను, అంతేగా."

భార్య పిల్ల చెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిచింది. కోచ్ నాలుగడుగుల వెనక నడిచాడు. పక్కకు రమ్మని ఆమె పిలవలేదు, వస్తానని అతను అడగలేదు. పిల్లే ఆగి, ఖాళీగా ఉన్న రెండో చెయ్యి వెనక్కి చాపింది.