నేరేడు రంగు మూట

పుష్కరాల రెండో రోజు పొద్దున్న రత్నమాణిక్యం పెనం మీద పెసరట్టు తిరగేస్తూ మొగుణ్ణి సాధిస్తోంది. సాధించడానికి ఆవిడకి పెద్దగా కారణం అక్కర్లేదు గానీ ఆవేళ నిజంగానే ఉంది. పగటిపూట జీవరాజు ఇంట్లో కూర్చోవడం ఆ కాపురంలో అదే మొదటిసారి.

"ఊరంతా గోదాట్లో మునుగుతుంటే మీరు పేపర్లో మునుగుతారేంటండీ? కాస్త ఆ కొబ్బరికాయైనా కొట్టిపెట్టండి, పచ్చడి చేస్తాను."

"కొట్టు మూసుకున్నోడికి కొబ్బరికాయ కొట్టడమేగా మిగిలింది, ఇలా తే," అన్నాడు జీవరాజు.

రాజమండ్రి మెయిన్ రోడ్డు వెనక సందులో ఆయనకి తాకట్టు కొట్టు ఉంది. పుష్కరాలకి లక్షల్లో జనం వస్తారు, జనంతోపాటు గొలుసు దొంగలూ వస్తారు, రేవులో తెగిన గొలుసు గంట తిరక్కుండా తాకట్టు కొట్లో తేలుతుంది. అందుకని ఆ పన్నెండు రోజులూ తాకట్టు కొట్లు, పాత బంగారం కొనే కొట్లు మూసెయ్యాలని పోలీసులు ఆర్డరు వేశారు. నగ పుచ్చుకోకూడదు, ఇవ్వకూడదు. మాట తప్పితే లైసెన్సు పోతుంది. మనిషి లేని కొట్లో సొమ్ము వదలడం ఇష్టంలేక జీవరాజు ఇనప్పెట్టెని రిక్షాలో ఇంటికి చేర్చి దేవుడి గూటి కింద పెట్టాడు.

ఆ పెట్టెలో ఏముందో మాణిక్యానికి ఇంతవరకూ తెలియదు. ఎవరి సొమ్ము తన దగ్గరుందో పెళ్ళానికి కూడా చెప్పకూడదన్నది జీవరాజు తండ్రి పెట్టిన కట్టుబాటు. ఆయన పెట్టిన పద్ధతి ఇంకోటి కూడా ఉంది. తాకట్టు సొమ్ముని ఎవరిది వాళ్ళ పాతగుడ్డలోనే మూట కట్టాలి. చీటీ చిరిగిపోయినా గుడ్డని చూసి సొంతదారులు పోల్చుకుంటారు. నమ్మకమైనవాళ్ళయితే పెళ్ళికో పేరంటానికో అదే నగని ఒక పూట ఎరువు పట్టుకెళ్ళి, పెట్టుకుని, మర్నాడు తెచ్చి ఇచ్చేవాళ్ళు. నగ తాకట్టులో ఉందన్న సంగతి మూడో కంటికి తెలిసేది కాదు. ఆ సందులో జీవరాజుకి గౌరవం దక్కింది అందుకే.

కాఫీలు తాగాక పోలీసు స్టేషన్లో కొట్లవాళ్ళ మీటింగని జీవరాజు వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. చూస్తే, కొవ్వూరు నుంచి మాణిక్యం అన్నగారి భార్య, వదిన వీరవేణి. గోదావరికి అటు ఒడ్డునే ఇల్లు, మధ్యలో ఉన్నదల్లా వంతెన. అయినా ఆవిడ ఈ గడప తొక్కి పన్నెండేళ్ళయింది.

మాణిక్యం రమ్మనలేదు. పొమ్మననూ లేదు. పెనం దించి, చేతులు తుడుచుకుని, స్తంభానికి చేరబడి నిలబడింది.

"అన్నయ్యగారు లేరా?" అంది వీరవేణి. "కొట్టుకెళ్తే తలుపులేసున్నాయి."

"కొట్లో ఆయనతో మీకేం పనండీ, వదినగారూ?"

ఆ 'అండీ'కి వీరవేణి మొహం చిన్నబోయింది. పైట మెడచుట్టూ నిండుగా కప్పుకుని ఉంది. "మా చంద్రహారం ఆయన దగ్గరుంది మాణిక్యం. రొయ్యల చెరువులు పోయినప్పుడు పెట్టాం. మా అమ్మాయి లావణ్య నిశ్చితార్థానికి ఆయనే ఎరువిచ్చారు, మర్నాడు తిరిగిచ్చేశాను. రేపు కాకినాడ నుంచి మా వియ్యపురాలు పుష్కర స్నానానికొస్తోంది. మేం మునిగిపోయామని వాళ్ళకెవరో చెప్పారట. బోసి మెడతో కనబడితే ఆ మాటే నిజమనుకుంటారు. ఒక్క పూటకి ఇప్పించు."

మాణిక్యం ఒళ్ళంతా చల్లబడింది, ఎండన పడి వచ్చి మజ్జిగ తాగినట్టు. ఇన్నాళ్ళూ ఆ హారం తన మొగుడి పెట్టెలో ఉందా! దేవుడున్నాడనుకుంది. దేవుడు ఇలాంటి పనులకి ఉండడని ఎవరైనా చెబితే ఆ క్షణంలో వినే స్థితిలో లేదావిడ.

"పోలీసు ఆర్డరు తెలీదా మీకు? నగ ఇస్తే మా లైసెన్సు పోద్ది. మేం దొంగ సొమ్ము ముట్టుకునే రకం కాదు గదండీ. ఆ సంగతి మీకు తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు."

వీరవేణి తల దించుకుంది. ఎందుకు దించుకుందో ఇద్దరికీ తెలుసు.

కిందటి పుష్కరాలప్పుడు మాణిక్యం పుట్టింట్లో ఉంది. నాన్నకి పిండాలు పెట్టే రోజు పొద్దున్న అమ్మ పెట్టెలో కాసులపేరు కనబడలేదు. కొవ్వూరు రేవులో, మెట్లమీద, చుట్టాలందరూ చూస్తుండగా వీరవేణి ఆడపడుచు చేతిలోంచి సంచీ లాక్కుని తిరగేసి దులిపింది. తడిచీర, రవిక, కుంకంభరిణె మెట్లమీద దొర్లాయి. కాసులపేరు లేదు. "ఈపాటికి మీ కొట్టుకి చేరిపోయుంటుందిలే, తాకట్టు కొట్టు కాపురం కదా!" అంది వీరవేణి. అన్నయ్య శివరామకృష్ణ నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. అంతకన్నా పెద్ద దెబ్బ అమ్మది. ఆవిడ ఏడ్చిందే తప్ప, నా కూతురు తియ్యలేదన్న ఒక్క మాట అనలేదు. రెండేళ్ళకి మంచంలో పోయేటప్పుడు కూడా అనలేదు. అమ్మే తనని దొంగనుకుందన్న దిగులు మాణిక్యం గుండెలో గడ్డకట్టి, మెల్లగా పగగా మారింది. పగ పెట్టుకోవడం సుఖం, కనీసం ఏడుపు రాదు.

"నువ్వెన్నన్నా పడతాను," అంది వీరవేణి. "నా కూతురి సంబంధం మాణిక్యం. నీకూ మేనకోడలే అది."

మాణిక్యం కుర్చీ లాగి కూర్చుంది. వదినని కూర్చోమనలేదు.

"సరే, ఆర్డరు సంగతి నేను చూసుకుంటాను. రేపు అమ్మకి పిండాలు కదా. ఆ రేవులోనే, ఆ మెట్లమీదే, చుట్టాలందరి ముందూ చెప్పు. 'మాణిక్యం దొంగ కాదు, నేనే నోరు పారేసుకున్నాను' అను. అన్నాక హారం నీ ఒళ్ళో వేస్తాను."

"రేపు రేవుకి వియ్యపురాలు కూడా వస్తుందే!"

"రానీ. ఆవేళ నా సంచీ దులిపినప్పుడు రేవులో పరాయివాళ్ళు లేరా ఏంటి?"

వీరవేణి కళ్ళు తుడుచుకుంది. "చెప్తాను" అని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి వేసుకుని వెళ్ళిపోయింది. మాణిక్యం చల్లారిన పెసరట్టు అల్లప్పచ్చడితో తింది. అంత రుచిగా ఈ మధ్య ఏదీ తినలేదు.

మధ్యాహ్నం జీవరాజు వచ్చి, మొలతాడుకున్న తాళాలు తీసి దేవుడి గూట్లో పెట్టి స్నానానికి వెళ్ళాడు. మాణిక్యం ఆగలేదు. చంద్రహారాన్ని చేత్తో పట్టుకుని చూడాలని ఆవిడ చేతులు దురద పెడుతున్నాయి. ఇనప్పెట్టె తెరిచింది. లోపల రంగురంగుల గుడ్డమూటలు. వదిన పాత గద్వాల చీర ముక్క తేలిగ్గానే దొరికింది. చంద్రహారం అందులోనే ఉంది. పెట్టె మూసెయ్యబోతుంటే అడుగున ఒక మూట కనబడింది. నేరేడు రంగు ఉప్పాడ గుడ్డ. దానిమీద నీలం దారంతో వేసిన మాసిక.

ఆ కుట్టు తనదే. పెళ్ళికాక ముందు అమ్మ చీర చిరిగితే నేరేడు దారం దొరక్క నీలంతో కుట్టింది. "కళ్ళు కనబడవటే నీకు?" అని అమ్మ ఆ రోజంతా తిట్టి, ఆ చీరే ఇష్టంగా కట్టుకునేది.

మూట విప్పింది. కాసులపేరు.

జీవరాజు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేసరికి పెళ్ళాం నేలమీద కూర్చుని ఉంది, ఒళ్ళో నగ.

"ఇది ఎక్కడిదండీ?"

ఆయన తువ్వాలు తీసి పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"మాట్లాడండి! పన్నెండేళ్ళు నేను దొంగముండనయ్యాను. నా మొగుడి పెట్టెలోనే ఉందా ఇది?"

"మీ అమ్మ ఇచ్చింది," అన్నాడు జీవరాజు. "ఆ పుష్కరాల ముందు ఎవడో ఓ గొలుసు తెచ్చి తాకట్టు పెట్టాడు. అది దొంగ సొమ్మని తేలింది. పోగొట్టుకున్నాయన పలుకుబడి గలవాడు. పోయినవి రెండు గొలుసులు, రెండోది నువ్వే దాచావన్నాడు. దాని ఖరీదు కడతావా, లాకప్పుకొస్తావా అన్నారు పోలీసులు. నీకు చెప్పలేక మీ అమ్మ దగ్గర ఏడ్చాను. ఆవిడ ఇది మూటకట్టి ఇచ్చింది. వేరే ఊళ్ళో కుదువ పెట్టి కట్టేశాను. అల్లుడు దొంగ సొమ్ము పట్టాడని తెలిస్తే నా కూతురు పుట్టింట్లో తలెత్తుకోలేదు, చచ్చినా చెప్పకు బాబూ అని చేతిలో చెయ్యి వేయించుకుంది. నేను విడిపించి తెచ్చేసరికి ఆవిడే లేదు."

"నా సంచీ దులిపినప్పుడు మీరు ఎక్కడున్నారు?"

"పై మెట్టుమీద."

"చూస్తూ నిలబడ్డారు!"

మాణిక్యం అరవలేదు. అరిచి ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది, అందుకే అరవలేదు. సాయంత్రం వడ్డిస్తూ మాత్రం ఒక్క మాటంది. "రేపు రేవులో మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు. "కొట్టు పేరు పోద్ది మాణిక్యం."

"నా పేరు పోయినప్పుడు మీకు అన్నం సయించింది కదా. తినండి."

మర్నాడు కొవ్వూరు రేవు జనంతో కిటకిటలాడుతోంది. శివరామకృష్ణ తడిపంచెతో అమ్మకి పిండాలు పెట్టి నీళ్ళలో వదిలాడు. చుట్టాలు మెట్లమీద చేరారు. కాకినాడ వియ్యపురాలు లావణ్య పక్కన నిలబడి, కొంగుతో మెడ కప్పుకున్న వీరవేణిని మాటిమాటికీ చూస్తోంది. రెండు మెట్లు పైన మాణిక్యం. ఆవిడ చేతిలో సంచీ. వెనక జీవరాజు, పాలిపోయిన మొహంతో.

వీరవేణి ఆడపడుచు వంక ఒకసారి చూసింది. జాలి చూపిస్తుందేమోనన్న ఆశ ఆ చూపులో ఉంది. దొరకలేదు. గొంతు సవరించుకుంది.

"అందరూ ఒక్క మాట వినండి. కిందటి పుష్కరాల్లో ఇక్కడే నేను మా మాణిక్యాన్ని..."

ఆ మాట కోసం పన్నెండేళ్ళు ఎదురుచూసింది మాణిక్యం. ఇంకో క్షణం ఆగితే ఆ మాట పూర్తయ్యేది, ఆవిడ కడుపు నిండేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. సంచీలో నేరేడు రంగు గుడ్డ చేతికి తగిలింది.

"ఆగు వదినా," అంది. "ముందు చెప్పాల్సింది నువ్వు కాదు." మొగుడి వైపు తిరిగింది. "కిందికి దిగండి. ఆ రోజు నిలబడ్డ మెట్టు మీద కాదు, అందరికీ వినబడేచోట నిలబడండి."

జీవరాజు దిగాడు. చేతులు జోడించాడు. దొంగ గొలుసు సంగతి, అత్తగారు కాసులపేరు ఇచ్చిన సంగతి, పై మెట్టుమీద నోరు మూసుకుని నిలబడ్డ సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. "మా ఆవిడ దొంగ కాదు. ఆవిడకేమీ తెలీదు. ఆవిడ పరువు తీసి నా పరువు కాపాడుకున్నాను," అన్నాడు.

రేవంతా వింటున్నట్టే అనిపించింది మాణిక్యానికి. మొగుడి తల వంగిపోవడం చూసింది. పగ తీరింది. తీరిన పగ ఎందుకో తియ్యగా లేదు, ఒట్టి నీరసంగా ఉంది.

వీరవేణి మెట్టుమీద కూలబడింది. "నేనన్నది నిజమైపోయిందే! ఇంత పాపిష్టి నిజం నాకొద్దే మాణిక్యం! నీ సంచీ దులిపిన చేతులివి. నిజమైతే మాత్రం అలా దులుపుతారా ఎవరైనా?" అని ఆ చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. లావణ్య తల్లి భుజం పట్టుకుంది.

మాణిక్యం పక్కనే కూర్చుని మూట విప్పింది. కాసులపేరు ఎండలో మెరిసింది.

"చంద్రహారం పెట్టెలోనే ఉంది వదినా. ఆర్డరు ఉన్నన్నాళ్ళూ బయటికి తియ్యకూడదు. ఇది తాకట్టు సొమ్ము కాదు. దీనికి ఏ ఆర్డరూ అడ్డం రాదు. అమ్మ తరవాత కోడలివి నువ్వు. మెడ ఇటు తిప్పు."

"వద్దే. అత్తయ్యగారు నీ కాపురం నిలబడ్డానికి ఇచ్చింది. ఇది నీది."

"నా కాపురం నిలబడిందిగా. ఇంక నీ కూతురిది నిలబెట్టు."

మాణిక్యం కొక్కెం తగిలించింది. కాకినాడ వియ్యపురాలు దగ్గరికొచ్చి కాసులు చేత్తో పట్టుకుని చూసింది. తరవాత మాణిక్యం చెయ్యి పట్టుకుంది. "మీ తల్లిగారు మహాతల్లండీ. అలాంటి ఇంటి పిల్ల మా ఇంటికొస్తోంది, అదే చాలు," అంది. చెరువుల మాట ఎత్తలేదు.

జీవరాజు ఇంకా అక్కడే చేతులు జోడించుకుని నిలబడి ఉన్నాడు. మాణిక్యం ఆయనని పూర్తిగా క్షమించలేదు. ఇంటికెళ్ళాక ఇంకా చాలా ఉంది. అయినా, "ఎండలో ఎంతసేపండీ అలాగ? మునగండి, వెళ్దాం," అంది.

తనూ నీళ్ళలోకి దిగింది. నేరేడు రంగు గుడ్డని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నీలం మాసికని బొటనవేలితో నిమురుతూ మొల్లోతు నీళ్ళలో నిలబడింది. అమ్మ తనని దొంగనుకోలేదు. ఒక్క రోజు కూడా అనుకోలేదు. నోరు విప్పితే కూతురి కాపురం పోతుందని, కూతురు తనని అసహ్యించుకున్నా సరేనని, ఆ మాట గుండెలో పెట్టుకునే పోయింది.

"అమ్మా," అంది మాణిక్యం. పన్నెండేళ్ళుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. గుడ్డని గుండెకి హత్తుకుని, అమ్మ పేరు చెప్పి, నీళ్ళలో మునిగింది.